ఒస్త్రావాలో ఇంటి పక్క బడి, "అది జిప్సీల స్కూల్" అనే మాట

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఈ మధ్యే హైదరాబాద్ నుంచి చెక్ దేశంలోని ఒస్త్రావాకి వచ్చాం. మా పాపకి ఆరేళ్లు నిండుతున్నాయి, ఒకటో తరగతిలో చేర్చాలి. ఇంటికి ఐదు నిమిషాల నడకలో స్కూల్ ఉంది. ఆఫీసులో వాళ్లేమో "అందులో వేయకండి, అది జిప్సీల బడి" అంటున్నారు. నిజంగా అంత చెడ్డదా? ఆ పిల్లలకు వేరే బళ్లు ఎందుకు? దీనికి చట్టం లేదా? తల్లిదండ్రులకే చదువు మీద శ్రద్ధ లేదని కొందరంటున్నారు. వీళ్లు మన ఇండియా నుంచి వెళ్లినవాళ్లేనని కూడా విన్నాను. తెలిసినవాళ్లు చెప్పగలరు.

సమాధానం:

ముందు మీకు కావలసిన జవాబు చెప్పేస్తాను. ఆఫీసువాళ్ల మాట పట్టుకుని ఆ స్కూల్‌ని వదిలేయకండి. ఇంటికి దగ్గర కదా అని కళ్లు మూసుకుని చేర్చేయనూ వద్దు. ఒక పూట సెలవు పెట్టి వెళ్లి చూడండి. ఏం చూడాలో, ఏం అడగాలో చివర్లో రాస్తాను. కాకపోతే ఆ "వేయకండి" అనే మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. అది తెలిస్తే మీరు ఏ నిర్ణయం తీసుకున్నా తెలిసి తీసుకున్నట్టవుతుంది. నేను ఈ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. రోమా పిల్లలు (ఆఫీసువాళ్లు జిప్సీలన్నది వీళ్లనే) ఎక్కువగా వచ్చే ఒక ట్యూషన్ సెంటర్లో సాయంత్రాలు లెక్కలు చెబుతాను. వాళ్ల అమ్మానాన్నలకు తోడుగా స్కూళ్లకీ ఆఫీసులకీ వెళుతుంటాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు దిగిన ఊరు ఈ విషయంలో మామూలు ఊరు కాదు. యూరప్‌లో రోమా పిల్లల చదువు గురించి ఏ కోర్టులో వాదన జరిగినా ఒస్త్రావా పేరు వస్తుంది. 1996 నుంచి 1999 మధ్య ఇక్కడ 18 మంది రోమా పిల్లల్ని "ప్రత్యేక పాఠశాలల్లో" వేశారు. ఆ బళ్లు పెట్టింది బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల కోసం. హక్కుల సంఘాల వాళ్లు ఊళ్లోని బళ్ల హెడ్మాస్టర్లను అడిగి లెక్కలు తీశారు. ఊరి మొత్తం ప్రాథమిక విద్యార్థుల్లో రోమా పిల్లలు 2.26 శాతం. ప్రత్యేక పాఠశాలల్లో మాత్రం 56 శాతం వాళ్లే. ఇంకోలా చూస్తే, ఊళ్లోని రోమా పిల్లల్లో సగానికి సగం మంది, 50.3 శాతం, ఆ బళ్లలోనే ఉన్నారు. మిగతావాళ్ల పిల్లల్లో అలా ఉన్నవాళ్లు 1.8 శాతం. అంటే రోమా ఇంట పుట్టిన బిడ్డ మందబుద్ధి పిల్లల బడికి వెళ్లే అవకాశం 27 రెట్లు ఎక్కువ. ఒక జాతి పిల్లల్లో సగం మందికి బుద్ధి తక్కువని ఏ డాక్టరూ నమ్మడు. కానీ వ్యవస్థ మాత్రం ఏళ్ల తరబడి దాన్ని నమ్మినట్టే నడిచింది.

ఇది ఎలా జరిగేదో చెబుతాను. దీంట్లో ఎవరూ ఎవర్నీ గేటు దగ్గర ఆపరు. బిడ్డకు ఆరేళ్లు రాగానే స్కూల్లో ఎవరో "కొంచెం వెనకబడి ఉన్నాడు, ఒకసారి కౌన్సెలింగ్ సెంటర్లో చూపిద్దాం" అంటారు. అక్కడ తెలియని గదిలో, తెలియని మనిషి ముందు, బొమ్మల కార్డులు, ఆకారాలు, మాటలకు అర్థాలు, అన్నీ శుద్ధమైన చెక్ భాషలో. ఇక్కడి రోమా ఇళ్లలో పిల్లలు మాట్లాడే చెక్ భాషే వేరుగా ఉంటుంది. రోమాల భాష అయిన రోమానీ, స్లోవాక్ మాటలు కలిసిపోయి, వ్యాకరణం కూడా కొంత మారిపోయి ఉంటుంది. పైగా చాలామంది అప్పటికి నర్సరీ ముఖం చూసి ఉండరు. మార్కులు తక్కువ వస్తాయి. ఆ తక్కువ మార్కుని భాష తేడాగా కాక బుద్ధి తేడాగా రాసేవారు. తర్వాత తల్లి ముందు ఒక ఫారం పెడతారు. ఆ ఫారం ముందే నింపి ఉండేదని, వేరే ఏ దారులున్నాయో అందులో ఒక్క ముక్క కూడా లేదని తర్వాత కోర్టే రాసింది. తల్లి సంతకం పెట్టేది. పెద్దవాడూ, అక్క కూతురూ అదే బళ్లో ఉన్నారు. అక్కడ ఎవరూ రంగు చూసి వెక్కిరించరు. బడి ఇంటికి దగ్గర. ఆ సంతకం ఎందుకు పెట్టిందని ఆమెను అడగడం తేలిక.

సంతకం ఖరీదు తొమ్మిదేళ్ల తర్వాత తెలిసేది. ప్రత్యేక పాఠశాలలో సిలబస్ తగ్గించి ఉంటుంది. మామూలు బళ్లో రెండో తరగతిలో అయిపోయే పాఠం అక్కడ నాలుగులో కూడా నడుస్తూ ఉంటుంది. రెండేళ్లు గడిచాక ఆ బిడ్డని వెనక్కి మామూలు తరగతికి పంపాలన్నా పంపలేరు, ఎందుకంటే ఇప్పుడు నిజంగానే వెనకబడిపోయాడు. అబద్ధంగా మొదలైన రిపోర్టుని బడే నిజం చేసి పెడుతుంది. 2000లో చట్టం సవరించేదాకా ఆ సర్టిఫికెట్‌తో మామూలు సెకండరీ స్కూల్లో చేరడానికి కూడా వీలుండేది కాదు. ఏదో చేతిపని ట్రైనింగ్, అంతే.

ఆ పిల్లల్లో కొందరి కుటుంబాలు చెక్ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళితే 1999 అక్టోబర్లో కొట్టేశారు. 2000లో 18 మందీ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2006 ఫిబ్రవరిలో అక్కడా ఓడిపోయారు. మళ్లీ అదే కోర్టులోని పెద్ద ధర్మాసనం గ్రాండ్ చాంబర్‌కి పట్టుకెళితే, 2007 నవంబర్ 13న 13 మంది జడ్జీలు వాళ్ల వైపు, నలుగురు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ తీర్పులో రెండు మాటలు చాలా గట్టివి. మొదటిది: ఫలానా అధికారి కావాలని చేశాడని రుజువు చేయక్కర్లేదు, నియమం అందరికీ ఒకటే అయినా దాని దెబ్బ ఒక జాతి మీదే పడుతోందని లెక్కలు చూపిస్తే, అది వివక్ష కాదని నిరూపించుకోవాల్సింది ప్రభుత్వమే. రెండోది: తల్లి సంతకం పెట్టింది కదా అంటే కుదరదు, జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కుని సంతకంతో వదులుకోవడం ఉండదు. యూరప్‌లో రోమా పిల్లల చదువు గురించిన పోరాటమంతా ఇప్పుడు ఈ తీర్పు మీదే నిలబడి ఉంది. కేసు వేసేనాటికి బళ్లో ఉన్న ఆ పిల్లల్లో చాలామంది తీర్పు వచ్చేసరికి పెద్దవాళ్లయిపోయారు. నాకు ఎప్పుడూ బాధనిపించేది ఇక్కడే.

మీరు అడిగిన "చట్టం లేదా" అన్నదానికి ఇదే జవాబు. చట్టం ఉంది. జాతి వివక్షను నిషేధించే యూరోపియన్ యూనియన్ ఆదేశం 2000 నుంచీ ఉంది, అందులో చదువు కూడా ఉంది. ఆ ఆదేశం కింద యూరోపియన్ కమిషన్ 2014లో చెక్ దేశం మీద, 2015లో స్లోవాకియా మీద, 2016లో హంగరీ మీద చర్యలు మొదలుపెట్టింది. 2023లో స్లోవాకియాని యూనియన్ కోర్టుకే లాగింది.

మరి బళ్లు ఎందుకు మారలేదు? మారాయి, కానీ వేరే దారిలో. చెక్ దేశంలో 2005 నుంచి "ప్రత్యేక పాఠశాల" అనే పేరు తీసేసి "ప్రాక్టికల్ పాఠశాల" అన్నారు. చాలాచోట్ల అదే బిల్డింగ్, అదే టీచర్లు, అదే పిల్లలు. 2016లో మాత్రం అసలైన మార్పు వచ్చింది. తగ్గించిన సిలబస్ పద్ధతిని ఎత్తేసి, మామూలు తరగతిలోనే సహాయకులు, అదనపు గంటలు ఇవ్వాలన్నారు. 2017 నుంచి బడికి ముందు ఒక ఏడాది నర్సరీని తప్పనిసరి చేశారు, ఉచితంగా. ఈ రెండూ మంచి పనులు. నేను చూసిన పిల్లల్లో తేడా స్పష్టంగా తెలుస్తోంది.

అయితే ఇప్పుడు ప్రధానమైన సమస్య మీ ఇంటి పక్క బడి లాంటిదే. అది ప్రత్యేక పాఠశాల కాదు. మామూలు బడే, మామూలు సిలబసే. ఒకప్పుడు అందులో అందరి పిల్లలూ ఉండేవారు. రోమా పిల్లలు కొంచెం పెరగగానే నలుగురు తల్లిదండ్రులు టీసీ తీసుకుని అవతలి బడికి మార్చారు. ఇక్కడి చట్టం ప్రకారం మీ ఏరియా బడిలో మీకు సీటు ఖాయం. సీట్లుంటే వేరే ఏరియా బడిలో కూడా చేర్చుకోవచ్చు. కారు ఉన్నవాళ్లు, నాలుగు చోట్ల ఫోన్ చేయగలిగినవాళ్లు మారుస్తారు. లేనివాళ్లు ఉండిపోతారు. మరుసటి ఏడాది ఇంకో పదిమంది వెళతారు. కొన్నేళ్లకు మిగిలేది రోమా పిల్లలే. తర్వాత మంచి టీచర్లు కూడా ఒక్కొక్కరే బదిలీ అడుగుతారు. ఎవరూ ఎవర్నీ గెంటలేదు, అయినా ఊళ్లో "వాళ్ల బడి" ఒకటి తయారైంది. మీ ఆఫీసులో మీకు సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. మీ పాప మంచి కోరే చెప్పారు. కానీ ఆ బడిని అలా చేసింది సరిగ్గా ఆ సలహాయే, ఇరవై ఏళ్లుగా ఒకరి నుంచి ఒకరికి వెళుతూ. దీన్ని ఆపే శక్తి ఏ కోర్టు తీర్పుకీ పూర్తిగా లేదు, మున్సిపాలిటీకి ఉంది. ఏ వీధి ఏ బడి కిందికి వస్తుందో గీసేది వాళ్లే. ఆ గీతలు ఎక్కడ గీయాలో కూర్చుని ఆలోచించే కౌన్సిలర్లు ఇంకొంతమంది కావాలి.

యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 2021లో చేసిన సర్వేలో, 6 నుంచి 15 ఏళ్ల రోమా పిల్లల్లో 52 శాతం మంది అందరూ లేదా చాలామంది రోమాలే ఉన్న బళ్లలో చదువుతున్నారని తేలింది. 2016 సర్వేలో ఇది 44 శాతం. అంటే తీర్పులు పెరుగుతున్నకొద్దీ వేరు బళ్లు తగ్గలేదు, పెరిగాయి. అదే సర్వేలో 20–24 ఏళ్ల వాళ్లలో ఇంటర్ స్థాయి చదువు పూర్తి చేసినవాళ్లు 27 శాతమే.

ఇప్పుడు "తల్లిదండ్రులకే శ్రద్ధ లేదు" అన్న మాట. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్లు కూడా ఇక్కడికి వచ్చిన ఆరు నెలల్లో ఈ మాట నేర్చేసుకుంటున్నారు.

చెక్ నేల మీద తరతరాలుగా ఉన్న రోమాలు రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. లెతీ, హొదొనీన్ అనే రెండు క్యాంపుల్లో కొందరు, మిగతావాళ్లు ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరంలో. లెతీ క్యాంపు ఉన్న చోట తర్వాత పందుల ఫారం కట్టారు. ప్రభుత్వం ఆ ఫారాన్ని కొనేసింది 2017లో, స్మారకం తెరిచింది 2024లో. యుద్ధం తర్వాత ఒస్త్రావా గనులకీ ఉక్కు ఫ్యాక్టరీలకీ కూలీలు కావాల్సి వచ్చి తూర్పు స్లోవాకియా పల్లెల నుంచి రోమా కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. ఇప్పుడు మీరు చూస్తున్నది వాళ్ల మనవలనీ మునిమనవలనీ. 1994లో ఊళ్లో బొగ్గు తవ్వకం ఆగిపోయింది. ముందుగా పని పోయింది చదువు లేని కూలీలకే. రోమా ఆడవాళ్లకు సరైన సమ్మతి లేకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన చరిత్ర కూడా ఉంది. దానికి పరిహారం చట్టం వచ్చింది 2021లో. ఇన్ని తరాలుగా ఆఫీసు కాగితం అంటే చెడ్డ కబురే మోసుకొచ్చిన ఇంట్లో, స్కూల్ నుంచి కవరు వస్తే తల్లి విప్పడానికి భయపడటంలో వింతేముంది?

ఇక రోజువారీ సంగతులు. ఇక్కడ ఒకటో తరగతిలో చేరాలంటే ఏమేం కావాలో మీకూ లిస్టు ఇస్తారు, చూడండి. బడి లోపల వేసుకునే చెప్పులు వేరు. జిమ్‌కి గుడ్డసంచి, అందులో వేరే బట్టలు, వేరే బూట్లు. వాటర్ కలర్స్, బ్రష్షులు, బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు, మట్టి బొమ్మల సరంజామా. మధ్యాహ్న భోజనానికి ముందే డబ్బు కట్టాలి, కట్టకపోతే భోజనం కోసం ఇచ్చే చిప్ పెట్టినా క్యాంటీన్ మెషిన్ ఒప్పుకోదు. థియేటర్‌కి తీసుకెళితే ఇంత, స్విమ్మింగ్‌కి ఇంత. హోంవర్క్, నోటీసులు అన్నీ ఆన్‌లైన్ పోర్టల్లో. ఒక్క ఫోన్ మీద నలుగురు పిల్లలు ఉన్న ఇంట్లో ఆ పోర్టల్ పాస్‌వర్డ్ పోయి మూడు వారాలైనా ఎవరూ గమనించరు. పిల్లాడు చెప్పులు తేలేదని, రంగులు తేలేదని డైరీలో ఎర్ర సిరా నోట్లు పడుతుంటాయి. ఐదారు నోట్లు పడ్డాక టీచర్ దృష్టిలో అది "శ్రద్ధ లేని ఇల్లు". మా సెంటర్లో ఒక బీరువా నిండా చెప్పులు, రంగుల డబ్బాలు పెట్టాం. అడగాల్సిన పని లేకుండా పిల్లలే తీసుకుంటారు. నోట్లు బాగా తగ్గాయి. శ్రద్ధ అంతకుముందూ ఉంది, చెప్పులే లేవు.

అడ్మిషన్ రోజుని ఇక్కడ జాపిస్ అంటారు. ఒక జాపిస్‌కి నేను ఒక పాపతో, వాళ్లమ్మతో కలిసి వెళ్లాను. చిన్న బల్లలు, రంగు రంగుల క్యూబులు, నవ్వు ముఖంతో ఒక టీచర్. మనిషి బొమ్మ గీయమన్నారు, గీసింది. రంగుల పేర్లు చెప్పమంటే రెండు తప్పింది. తర్వాత "నీకొచ్చిన పద్యం ఒకటి చెప్పు" అన్నారు. ఇక్కడి నర్సరీల్లో పిల్లలందరికీ చిన్న చిన్న పద్యాలు నేర్పుతారు. పాప నర్సరీకి సరిగ్గా వెళ్లలేదు. తల దించుకుంది. టీచర్ పెన్ను ఫారం మీదికి వెళ్లింది. పక్కనే ఆ స్కూల్లో సహాయకురాలిగా పనిచేసే ఒక రోమా ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ వంగి, "పాట వచ్చా నీకు?" అని అడిగింది. పాప వాళ్ల నాయనమ్మ పాడే పాట అందుకుంది. నాలుగు చరణాలు, ఎక్కడా తడబడకుండా, తాళం వేస్తూ. టీచర్ చివరిదాకా విని, జ్ఞాపకశక్తి అని ఉన్న గడిలో టిక్ పెట్టింది. ఆ సహాయకురాలు లేకపోతే ఆ గడిలో ఏం పడేదో నాకు తెలుసు. పాప ఇప్పుడు మామూలు తరగతిలో చక్కగా చదువుతోంది. ఒక్క మనిషి జీతంతో ఏం సాధించవచ్చో ఎవరైనా అడిగితే నేను ఈ పాపనే చూపిస్తాను.

ఇది ఒక్క చెక్ దేశం కథ కాదు. గ్రీస్‌లో ఆస్ప్రోపిర్గోస్ అనే చోట ఊరివాళ్లు గొడవ చేస్తే రోమా పిల్లల్ని వేరే అనుబంధ బిల్డింగుకి మార్చారు. 2008లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు తప్పు పట్టింది. క్రొయేషియాలో భాష రాదన్న పేరుతో రోమా పిల్లలకే వేరే తరగతులు నడిపారు, 2010లో అదే కోర్టు 9–8 తేడాతో వివక్ష అంది. స్లోవాకియాలో షారిష్‌స్కె మిఖాల్యానీ అనే ఊరి బడి కేసులో 2012లో అక్కడి కోర్టే వేరు తరగతులు చెల్లవంది. హంగరీలో గ్యోంగ్యోష్‌పాతా అనే పల్లెలో రోమా పిల్లలు కింద అంతస్తులో, మిగతావాళ్లు పై అంతస్తులో. స్విమ్మింగ్ క్లాసులు పైవాళ్లకే. ఏళ్ల తరబడి ఇలా నడిచాక 2020 మేలో హంగరీ సుప్రీంకోర్టు దాదాపు 60 మందికి డబ్బు పరిహారం ఇవ్వాల్సిందేనంది. ఆ కేసు నడుస్తుండగానే ప్రధాని ఓర్బాన్ ఈ పరిహారం అన్యాయమని బహిరంగంగా అన్నారు. తర్వాత అలాంటి కేసుల్లో డబ్బు ఇవ్వకుండా చట్టమే మార్చేశారు. ఒక దేశ ప్రధాని పల్లెటూరి పిల్లలకు వచ్చిన పరిహారం మీద మాట్లాడటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బాగుపడ్డ చోట్లు కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే తప్పు. బల్గేరియాలో విదిన్ అనే పట్టణం. నోవ్ పాత్ అనే రోమా వాడలో రోమా పిల్లలకే ఒక బడి ఉండేది. 2000 సెప్టెంబర్లో అక్కడి రోమా సంఘం 'ద్రోమ్' బస్సులు పెట్టి వందల మంది పిల్లల్ని ఊళ్లోని మామూలు బళ్లకు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. బస్సు ఒక్కటే కాదు. బస్సులో, బడిలో కనిపెట్టుకుని ఉండే రోమా పెద్దలు, సాయంత్రం పాఠాలు, లేనివాళ్లకు పుస్తకాలు, ముందుగా టీచర్లతో, తెల్లవాళ్ల పేరెంట్స్‌తో మాటలు. ఆ పని చేసింది ప్రభుత్వం కాదు, రోమాలే. రొమేనియాలో స్కూల్ మీడియేటర్ అని రోమా సమాజం నుంచే ఒకరిని బడికీ ఇళ్లకీ మధ్య నియమిస్తారు. హైస్కూళ్లలో, యూనివర్సిటీల్లో రోమాలకు ప్రత్యేక సీట్లు 1990ల నుంచే ఉన్నాయి. మన రిజర్వేషన్ల లాంటివే. ఆ సీట్లలో చదివినవాళ్లు ఇవాళ అక్కడ టీచర్లు, నర్సులు, లాయర్లు.

ఇక్కడ మీకో సందేహం వస్తుంది, నన్ను ఇదివరకు మన తెలుగు మిత్రులు అడిగారు కూడా. "మన దగ్గర ఎస్సీ, ఎస్టీ గురుకులాలు వేరేగానే ఉన్నాయి కదా, వాటిలో పిల్లలు బాగా చదువుతున్నారు కదా, మరి రోమా పిల్లలకు వేరే బడి ఉంటే తప్పేంటి?" అని. తప్పు వేరుగా ఉండటంలో ఒక్కదాంట్లోనే లేదు. గురుకులంలో సీటు కోసం పిల్లలు పరీక్ష రాసి పోటీ పడతారు. సిలబస్ అందరిదే, పదో తరగతి పరీక్ష అందరిదే, పిల్లాడి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు మామూలు బడి కంటే ఎక్కువ. బయటికి వచ్చే సర్టిఫికెట్ ఎక్కడైనా చెల్లుతుంది. ఒస్త్రావా ప్రత్యేక పాఠశాల సంగతి అలా కాదు. పోటీ పడి చేరలేదు, పంపించారు. సిలబస్ తక్కువ. ఆశ తక్కువ. సర్టిఫికెట్ దారులు మూసేది. అయినా, గురుకులాలు ఎంత బాగున్నా ఊరి బడిలో అందరి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోవడానికి అవి బదులు కావన్నది నా అభిప్రాయం. రోమా తల్లులు నాతో అనేది కూడా ఇదే: "మా పిల్లలకు మంచి వేరే బడి వద్దు, అందరూ వెళ్లే బడి కావాలి."

ఇండియా సంగతి. అవును, రోమాల పూర్వీకులు వెయ్యేళ్ల కింద, లేదా అంతకు ఇంకొంచెం ముందు, భారత ఉపఖండం వాయవ్య ప్రాంతాల నుంచి బయలుదేరారని భాషా, జన్యు పరిశోధనలు రెండూ చెబుతున్నాయి. రోమానీ మన హిందీ, పంజాబీల కుటుంబానికి చెందిన భాష. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ రోమా సదస్సులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ వాళ్లని భారతదేశపు బిడ్డలుగా పలకరించారు. మన లంబాడీలు, రోమాలు ఒకటేనని వాట్సాప్‌లో తిరిగేదానికి మాత్రం గట్టి ఆధారం లేదు, అది నమ్మకండి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మీ పాప రంగు చూసి ఇక్కడ ట్రామ్‌లో ఎవరైనా రోమా అనుకునే అవకాశం ఉంది. మా ఇంట్లో పిల్లలకి అది జరిగింది. అప్పుడు "మేం వాళ్లం కాదు, ఇండియన్స్" అని గబగబా చెప్పుకోవాలనిపిస్తుంది. ఆ మాట మీ పాపకి నేర్పకండి. వాళ్లు కాకపోతే తిట్టకూడదు, వాళ్లయితే తిట్టొచ్చు అనే అర్థం అందులో ఉంది, పిల్లలకి అది ఇట్టే అర్థమైపోతుంది.

ఇక మీరు చేయాల్సింది. ముందు మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో మీ వీధి ఏ బడి కిందికి వస్తుందో చూడండి. ఆ బడి పాపని తీసుకోవాల్సిందే. 90 రోజులకు మించి ఇక్కడ ఉండే విదేశీ పిల్లలకు కూడా తొమ్మిదేళ్ల చదువు తప్పనిసరి, ఉచితం. చెక్ భాష రాని విదేశీ పిల్లలకు కొన్ని బళ్లలో ఉచిత భాషా తరగతులు ఉంటాయి, 2021 సెప్టెంబర్ నుంచి. మీకు దగ్గరలో ఏ బడిలో ఉన్నాయో అడగండి. ఇది మీ పాపకి చాలా ముఖ్యం.

స్కూల్‌కి వెళ్లినప్పుడు "ఇక్కడ రోమా పిల్లలు ఎంతమంది" అని అడగకండి. ఒకటో తరగతిలో మొత్తం ఎంతమంది, సహాయకులు ఎంతమంది అని అడగండి. ఒకటో తరగతికి రెండు సెక్షన్లు ఉంటే పిల్లల్ని ఎలా విడదీస్తారని అడగండి. ఒక సెక్షన్లో రోమాలంతా, ఇంకోదాంట్లో మిగతావాళ్లు ఉంటే ఆ స్కూల్ మీద నాకు నమ్మకం ఉండదు, ఆ మిగతావాళ్ల సెక్షన్లో మీ పాపకి సీటు ఇచ్చినా సరే. టీచర్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారు, గత ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలు ఏ సెకండరీ స్కూళ్లలో చేరారు, ఐదో తరగతి తర్వాత ఎవరైనా ఎనిమిదేళ్ల జిమ్నాజియం ప్రవేశ పరీక్షకి వెళ్లారా? జిమ్నాజియం అంటే యూనివర్సిటీ దారి పట్టే సెకండరీ స్కూల్. హెడ్మాస్టర్ ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెబితే అది పనిచేసే బడి. విరామం టైమ్‌లో కారిడార్లో ఒక ఐదు నిమిషాలు నిలబడండి. పిల్లలు కలిసి ఆడుకుంటున్నారా, టీచర్లు వాళ్లని పేర్లతో పిలుస్తున్నారా చూడండి.

జవాబులు బాగుంటే ధైర్యంగా చేర్చండి. చిన్న తరగతులు, సహాయకులు ఉండే ఇలాంటి బళ్లలో కొత్తగా చెక్ నేర్చుకునే పిల్లలకు పేరున్న పెద్ద బడి కంటే ఎక్కువ శ్రద్ధ దొరకడం నేను చూశాను. జవాబులు బాగోకపోతే వేరే బడి చూసుకోండి, అందులో తప్పు లేదు. మీ పాప చదువుని పణంగా పెట్టి ఊరి సమస్య తీర్చమని నేను అడగను. అలా మార్చినా, ఎందుకు మార్చారో స్కూల్ కౌన్సిల్‌కి, మున్సిపాలిటీ విద్యాశాఖకి రాతపూర్వకంగా చెప్పండి: టీచర్లు లేరనో, భాషా తరగతులు లేవనో. ఆఫీసులో ఎవరైనా అడిగితే కూడా అదే కారణం చెప్పండి, పిల్లల జాతి కాదు.

చేర్చాలని నిర్ణయించుకుంటే జాపిస్‌కి పాస్‌పోర్టు, పాప బర్త్ సర్టిఫికెట్, రెసిడెన్స్ పర్మిట్ పట్టుకెళ్లండి. చెక్ భాష ఇబ్బందయితే తోడు రావడానికి నాకు అభ్యంతరం లేదు, మెసేజ్ పెట్టండి. పాపకి ఒక చిన్న పద్యమో పాటో నేర్పి తీసుకెళ్లండి. తెలుగు పాటైనా పర్లేదు, వాళ్లు చూసేది గుర్తుపెట్టుకుంటుందా లేదా అని.